పిల్లలు ఆన్‌లైన్ మల్టీప్లేయర్ గేములు ఆడేటప్పుడు వారిని సురక్షితంగా ఉంచడం ఎలా?

మల్టీప్లేయర్ గేమ్ అనగానే పెద్దల చూపు ముందుగా తెరమీది తుపాకుల మీదికీ రక్తం మీదికీ పోతుంది. అది సహజమే గాని, పిల్లలకు తీవ్రమైన హాని తరచుగా వచ్చే దారులు వేరు: గేమ్‌లోనే ఉండే చాట్, ఫ్రెండ్ రిక్వెస్టులు, కొనుగోలు బటన్లు. ముద్దులొలికే బొమ్మలతో, హింస అన్నదే లేని గేమ్‌లోనైనా ముక్కూమొహం తెలియని పెద్దమనిషి మీ పిల్లవాడితో గంటలకొద్దీ ఏకాంతంగా మాట్లాడగలిగితే ఆ గేమ్‌ను సురక్షితమని చెప్పలేము. అందువల్ల ఈ గేమ్ ద్వారా మా పిల్లల దగ్గరికి ఎవరు రాగలరు, వస్తే ఆ సంగతి మాకు ఎలా తెలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకొని కింది పనులను వరుసగా చేయండి.

1. ముందుగా గేమ్‌ను మీరే తెరిచి చూడండి

వయసు రేటింగ్‌తో మొదలుపెట్టవచ్చు. అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్‌ఆర్‌బీ, ఐరోపాలో 2003లో మొదలైన పెగీ అనే సంస్థలు గేములకు ఈ రేటింగులు ఇస్తాయి. పెగీ ముద్రలు 3, 7, 12, 16, 18 ఏళ్ల లెక్కన ఉంటాయి. అయితే ఈ అంకెలు ప్రధానంగా గేమ్ తయారీదారు పెట్టిన బొమ్మలు, మాటలు, సన్నివేశాల గురించి చెబుతాయే తప్ప, చాట్‌లో ఎదుటి ఆటగాడు ఏమి మాట్లాడతాడో చెప్పలేవు. రేటింగ్ కింద చిన్న అక్షరాలలో ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని, గేమ్‌లో కొనుగోళ్లు ఉంటాయని, ఉన్న చోటు ఇతరులకు తెలిసే అవకాశం ఉందని సూచనలు ఉంటే, అంకెకన్నా వాటినే శ్రద్ధగా చదవాలి.

ఆ తరువాత ఒక అరగంట మీరే ఆడండి. గెలవనక్కరలేదు. తెలియనివారు మీకు నేరుగా సందేశం పంపగలుగుతున్నారా, వాయిస్ చాట్ అడగకుండానే మొదలవుతోందా, మీరు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు అందరికీ కనిపిస్తోందా అన్నవి చూసుకుంటే చాలు. రోబ్లాక్స్ వంటి వాటిలో మరో చిక్కు ఉంది: అది ఒకే గేమ్ కాదు, వాడుకరులు తయారుచేసిన అసంఖ్యాకమైన గేములు ఒకే చోట ఉండే వేదిక. కాబట్టి పిల్లవాడు అక్కడ ఆడుతున్నాడని తెలిస్తే సరిపోదు, అందులో ఏయే గేములు ఆడుతున్నాడో కూడా అడగాలి.

2. అకౌంట్‌ను అసలు పుట్టిన తేదీతో తెరవండి

పిల్లలు చాలామంది అకౌంట్ తెరిచేటప్పుడు వయసు పెంచి రాస్తారు. తొందరలో ఉన్న పెద్దలు కూడా అదే పని చేసిపెడతారు. దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. 1998లో అమెరికా చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని చెబుతుంది కాబట్టి, పెద్ద కంపెనీలు చాలావరకు ఆ వయసు గీతను పట్టుకొనే చిన్నపిల్లల అకౌంట్లకు చాట్ ఆంక్షలు పెడతాయి. తప్పుడు తేదీ ఇస్తే ఆ రక్షణలన్నీ తొలగిపోయి, పదేళ్ల పిల్లవాడిని ఆ వ్యవస్థ పెద్దవాడిగానే చూస్తుంది. ఇదివరకే తప్పు తేదీతో అకౌంట్ ఉంటే కంపెనీ సహాయ విభాగానికి రాసి సరిచేయించండి, లేదా కొత్తది తెరవండి. సంపాదించిన స్కిన్‌లు, అంటే గేమ్‌లోని పాత్రలకు వేసే వేషాలు, పోతాయని పిల్లలు ఏడుస్తారు. అయినా ఈ ఒక్క విషయంలో పట్టు సడలించకూడదు.

అకౌంట్‌కు మీ ఈమెయిల్ ఇవ్వండి, పాస్‌వర్డ్‌తో పాటు విడిగా ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. గేమ్‌లో ఇతరులకు కనిపించే ఆటపేరులో అసలు పేరు, పుట్టిన సంవత్సరం, బడి పేరు ఏవీ ఉండకూడదు. ప్రొఫైల్‌లో ఫోటో వద్దు.

3. సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి, రెండూ మార్చండి

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పరికరానికి ఒక నియంత్రణ వ్యవస్థ ఉంటుంది: ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, నింటెండో స్విచ్‌లలో వాటి సొంత పేరెంటల్ కంట్రోల్స్. గేమ్‌కు వేరే సెట్టింగులు ఉంటాయి. ఫోన్‌లో ఆట సమయం ఎంత కట్టుదిట్టంగా నియంత్రించినా, గేమ్ లోపలి చాట్ యథాప్రకారం అందరికీ తెరిచే ఉండవచ్చు. కనుక పరికరంలో సమయం, కొనుగోళ్లు, కొత్త యాప్‌ల అనుమతి నియంత్రించి, గేమ్‌లోకి వెళ్లి చాట్, ఫ్రెండ్ రిక్వెస్టులు, ప్రైవేట్ సందేశాలను విడిగా సరిచేయాలి.

కంపెనీ పెట్టిన ముందస్తు సెట్టింగులే పిల్లలకు మేలని అనుకోవద్దు. ఫోర్ట్‌నైట్‌లో వాయిస్, టెక్స్ట్ చాట్‌లను పిల్లలకు కూడా మొదటినుంచే తెరిచి ఉంచారన్నది దాని తయారీదారు ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణలలో ఒకటి. పిల్లల గోప్యత, మభ్యపెట్టే కొనుగోలు బటన్లకు సంబంధించిన ఆరోపణల మీద ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

సెట్టింగులకు పెట్టే పిన్ పిల్లల పుట్టినరోజు గాని మీ ఫోన్ తెరిచే పిన్ గాని కాకూడదు. మీ వేళ్ల కదలికలను మీ పిల్లలు మీరనుకున్నదానికన్నా బాగా గమనిస్తారు.

4. ఎవరితో మాట్లాడవచ్చో నిర్ణయించండి

చాట్‌కు సాధారణంగా మూడు స్థాయిలు ఉంటాయి: అందరితో, ఫ్రెండ్స్‌తో మాత్రమే, ఎవరితోనూ కాదు. చిన్నపిల్లలకు మూడవదే తగినది. కాస్త ఎదిగిన పిల్లలకు రెండవది ఇవ్వవచ్చు గాని, గేమ్‌లో ఫ్రెండ్ అయ్యేందుకు ఒక్క బటన్ నొక్కితే చాలు కాబట్టి, ఫ్రెండ్స్ జాబితా శుభ్రంగా లేకపోతే ఆ సెట్టింగుకు అర్థం ఉండదు. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని జాబితాలోని ఒక్కొక్క పేరూ చూపించి ‘ఇది ఎవరు, నీకు ఎలా తెలుసు?’ అని అడగండి. ‘ఎప్పుడూ నాతోనే ఆడతాడు’ అన్న జవాబు చాలదు. గేమ్ బయట ముఖాముఖి తెలిసినవారినే ఉంచి, మిగిలినవారిని తొలగించండి.

వాయిస్ చాట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. టెక్స్ట్ చాట్‌లో రాత మిగులుతుంది, వాయిస్ చాట్‌లో చాలా సందర్భాలలో ఏమీ మిగలదు. అందులోనూ హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లల మాటలు మీకు వినిపిస్తాయే గాని అవతలివారివి వినిపించవు. అందువల్ల వాయిస్ చాట్‌ను అనుమతించిన తొలి రోజుల్లో ఇంటిల్లిపాదీ తిరిగే గదిలో, స్పీకర్ మీదే ఆడమనండి.

5. మాయమాటల వరుసను పిల్లలకు వివరించండి

‘తెలియనివారితో మాట్లాడకు’ అన్న హెచ్చరిక ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే పది రోజులు కలిసి ఆడినవాడు పిల్లల దృష్టిలో తెలియనివాడు కాడు. మోసగాడు నమ్మకం సంపాదించే తీరు ఎలా ఉంటుందో చెప్పడం మేలు. ముందు ఆటను పొగుడుతాడు, స్కిన్‌లో నాణేలో బహుమతిగా ఇస్తాడు, తానూ అదే వయసువాడినని చెబుతాడు. తరువాత ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారని, పెద్దలు ఫోన్ చూస్తారా అని ఆరా తీస్తాడు. మీ అమ్మానాన్నలకు నిన్ను అర్థం చేసుకోవడం తెలియదని సానుభూతి చూపిస్తాడు. ఆపైన ఇక్కడ కాదు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం అంటాడు. ఫోటోలు అడగడం, బెదిరించడం సాధారణంగా ఆ అడుగు దాటాకే వస్తాయి. గేమ్ కంపెనీ నిఘా ఎంత బలహీనమైనదైనా, బయటికి తీసుకుపోయాక అది కూడా ఉండదు.

కాబట్టి సంభాషణను గేమ్ నుంచి మరోచోటికి మార్చమని ఎవరడిగినా, రహస్యంగా ఉంచమని ఎవరు చెప్పినా, అక్కడితో ఆపి ఇంట్లో చెప్పాలి అన్న నియమాన్ని పిల్లలకు బాగా వంటబట్టించండి. గేమర్లు ఎక్కువగా వాడే చాట్ యాప్ డిస్కార్డ్‌కు కనీస వయసు 13 ఏళ్లని కూడా గుర్తుంచుకోండి. వేధింపులు తెలియనివారినుంచే రావాలని లేదు. తోటి విద్యార్థులే జట్టుకట్టి ఒకరిని తిట్టడం, ప్రతి ఆటనుంచీ వెళ్లగొట్టడం కూడా జరుగుతుంది.

6. డబ్బు దారిని మూయండి

పరికరంలో కార్డు వివరాలు దాచి ఉంచవద్దు. ప్రతి కొనుగోలుకూ మీ అనుమతి అడిగే సెట్టింగును పెట్టండి. అసలు డబ్బును నాణేలుగా, వజ్రాలుగా మార్చి చూపించేసరికి ఎంత ఖర్చయిందో పిల్లలకు అందదు. లోపల ఏముందో తెలియకుండా కొనే లూట్ బాక్స్‌లు ఇంకా ప్రమాదకరం. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని గేములలోని లూట్ బాక్స్‌లు జూదం కిందికే వస్తాయని తేల్చింది. ఉచిత నాణేలు ఇస్తామనే లింకులు దాదాపు ఎప్పుడూ పాస్‌వర్డ్ దొంగిలించడానికే. పాస్‌వర్డ్, ఓటీపీ ప్రాణస్నేహితుడికి కూడా చెప్పకూడదు.

7. సమయాన్ని ఆటల లెక్కన పెట్టండి

ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపి ఉంచడం కుదరదు; మధ్యలో లేచిపోతే జట్టు మొత్తం నష్టపోతుంది, కొన్ని గేములు శిక్ష కూడా వేస్తాయి. గడియారం చూసి తీగ పీకడం వల్ల తగవు తప్ప మరేమీ మిగలదు. ‘ఈ మ్యాచ్ అయ్యాక మరొకటి మొదలుపెట్టవద్దు’ అని ముందే చెప్పండి.

8. ఏదైనా జరిగినప్పుడు

పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు మీ మొదటి మాట చాలా ముఖ్యం. వెంటనే గేమ్ తీసేస్తే, నిజం చెప్పినందుకే శిక్ష పడిందని వాడికి అర్థమవుతుంది, రెండోసారి చెప్పడు. తప్పు వాడిది కాదని చెప్పి, తరువాత ఈ క్రమంలో నడవండి. బ్లాక్ చేస్తే కొన్నిచోట్ల సంభాషణ కనిపించకుండా పోతుంది కాబట్టి, ముందు చాట్, ఆటపేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆపైన గేమ్‌లోనే రిపోర్ట్ చేసి, చివరగా బ్లాక్ చేయండి. పిల్లవాడిగా నటిస్తూ మీరు జవాబులు రాయవద్దు, బెదిరించేవారికి డబ్బు ఇవ్వవద్దు.

లైంగికమైన మాటలు, ఫోటోల కోసం ఒత్తిడి, బెదిరింపు, కలుసుకుందామన్న పిలుపు ఉంటే గేమ్ కంపెనీతో ఆగకుండా పోలీసుల సైబర్ నేర విభాగానికి లేదా పిల్లల సహాయ కేంద్రానికి తెలియజేయండి. పిల్లల నగ్న చిత్రం ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీయవద్దు, రుజువు కోసమైనా ఎవరికీ పంపవద్దు. పరికరాన్ని అలాగే అధికారులకు చూపించండి. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవలో, చిత్రాన్ని ఎక్కించకుండానే దాని డిజిటల్ గుర్తును మాత్రమే నమోదు చేయవచ్చు. ఆ సేవలో చేరిన వేదికలు ఆ గుర్తుతో చిత్రాన్ని పట్టుకొని తొలగించగలవు.

ఆ గొడవ చల్లారాక 3, 4 దశల్లో చెప్పిన సెట్టింగులను, ఫ్రెండ్స్ జాబితాను మళ్లీ చూడండి. గేమ్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, కొత్త పరికరం ఇంటికి వచ్చినప్పుడు, పిల్లవాడి వయసు 13 దాటినప్పుడు కూడా ఇదే చేయాలి. ఆ వయసు దాటగానే కొన్ని అకౌంట్లలో ఆంక్షలు వాటంతటవే సడలిపోతాయి.