కారులో దారి చూపే ఫోన్‌కు ఛార్జింగ్ చాలాలంటే

ఫోన్‌ను ఛార్జింగ్‌కు తగిలించి, మ్యాప్ పెట్టుకుని హైదరాబాద్‌లో బయలుదేరినా, శ్రీశైలం చేరేసరికి బ్యాటరీ శాతం మొదటి కంటే తగ్గి ఉండటం నాకు రెండు మూడు సార్లు ఎదురైంది. బ్యాటరీ పాడైందని నిర్ణయించుకునే ముందు, ఉగాదినాడు పంచాంగంలో రాశికి చూసుకున్నట్టే ఫోన్‌కు కూడా ఆదాయ వ్యయాలు చూడాలి. వెలుగు పూర్తిగా పెంచిన తెర, ఆగకుండా పనిచేసే జీపీఎస్, మొబైల్ డేటా కలిసి వ్యయాన్ని బాగా పెంచుతాయి. పాత కార్ల మ్యూజిక్ సిస్టమ్‌లోని యూఎస్‌బీ పోర్టు నుంచి వచ్చే ఆదాయం మాత్రం తరచుగా 5 వోల్టుల వద్ద 0.5 ఆంపియర్, అంటే 2.5 వాట్లే. ఆ పోర్టును పెన్‌డ్రైవ్‌లో పాటలు వినడానికి పెట్టారు గాని, ఫోన్ నింపడానికి కాదు.

అందువల్ల మొదట చేయవలసిన పని, సిగరెట్ లైటర్ సాకెట్ అని పిలిచే 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే మంచి ఛార్జర్ ఒకటి కొనడం. టైప్-సి పోర్టు, పవర్ డెలివరీ (ఫోన్, ఛార్జర్ మాట్లాడుకుని ఎక్కువ వాట్లతో త్వరగా నింపే పద్ధతి) సౌకర్యం, ఆ ఒక్క పోర్టు నుంచే కనీసం 18 లేదా 20 వాట్లు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు అన్ని పోర్టుల మొత్తం కనుక, ఒక్కో పోర్టుకు ఎంతో వెనకవైపు సన్న అక్షరాల్లో చదవాలి. ఛార్జర్ ఎంత మంచిదైనా కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. నా అనుభవంలో ముందుగా అనుమానించవలసింది కేబుల్‌నే. ఒక మీటరు లోపు పొడవున్న, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ చాలు. మ్యాప్ నడుస్తుండగా 20 నిమిషాల తర్వాత శాతం పెరిగిందో లేదో చూస్తే సంగతి తేలిపోతుంది.

ఛార్జర్, కేబుల్ రెండూ సరిగ్గా ఉన్నా మన ఎండలు అడ్డుపడవచ్చు. లిథియం అయాన్ బ్యాటరీ వేడెక్కితే, దాన్ని కాపాడుకోవడానికి ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ వేగం తగ్గిస్తుంది, మరీ వేడెక్కితే ఆపేస్తుంది, తెర వెలుగును కూడా తగ్గిస్తుంది. మే నెల మధ్యాహ్నం అద్దానికి అంటించిన హోల్డర్‌లో ఫోన్ పెట్టడమంటే దాన్ని పెనం మీద పెట్టడమే. ఏసీ గాలి వచ్చే చోట బిగించే హోల్డర్ వాడితే అదే గాలి ఫోన్‌ను చల్లబరుస్తుంది. చలికాలంలో హీటర్ వేసినప్పుడు మాత్రం దాన్ని అక్కడి నుంచి తీసేయాలి. మందపాటి పౌచ్ తీసివేయడం కూడా ఉపయోగమే. వైర్‌లెస్ ఛార్జింగ్ హోల్డర్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కాని వాటిలో కొంత విద్యుత్తు వేడిగానే వృథా అవుతుంది కనుక వేసవి ప్రయాణానికి నేను వాటిని సూచించను.

ఇక వ్యయం తగ్గించే మార్గాలు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి ప్రవేశించాక చాలా చోట్ల సిగ్నల్ అందదు. టవర్‌ను వెతుక్కుంటూ ఫోన్ మరింత శక్తి ఖర్చు చేస్తుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటే, జీపీఎస్ ఉపగ్రహాల నుంచే పనిచేస్తుంది కాబట్టి, అడవిలో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా దారి కనిపిస్తుంది, అయితే ట్రాఫిక్ సమాచారమూ ఫోన్ కాల్సూ ఉండవు. మలుపులు లేని రహదారిపై తెర ఆపి, గొంతు సూచనలు వింటే సరిపోతుంది. బ్యాటరీ సేవర్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అది తెర ఆగినప్పుడు లొకేషన్‌ను కూడా ఆపేస్తుంది, మలుపు దాటిపోయాక గాని మనకు తెలియదు.

ఈ కేబుల్ తగిలించడం, సెట్టింగులు మార్చడం అంతా బండి కదలక ముందే చేసుకోవాలి. నడిపేటప్పుడు చేతి ఫోన్‌ను దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడాలని 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. పవర్‌బ్యాంక్ అదనపు అండగా వెంట ఉండవచ్చు గాని, కారు ఎండలో ఆపి గుడికి వెళ్లేటప్పుడు దాన్నీ ఫోన్‌నూ డాష్‌బోర్డు మీద వదలకుండా సంచిలో వేసుకుని తీసుకువెళ్లాలి.