సీప్యాప్ తెల్లారేదాకా నడిచింది, చేసిందల్లా ఇదే
లంబసింగిలో టెంట్ వేసినప్పుడు 256 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (వెంట తీసుకెళ్ళే బ్యాటరీ పెట్టె) ఫుల్ ఛార్జ్‌లో ఉండి కూడా నాన్నగారి సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపే మెషిన్) రాత్రి 2 గంటలకే ఆగిపోయింది, ఆయన ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. వేరే ప్లగ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, పగలంతా సోలార్ ప్యానెల్, ఏదీ ఉపయోగపడలేదు.

ముందు మెషిన్ మెనూలో గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్, గాలి గొట్టాన్ని వేడిగా ఉంచే హీటెడ్ ట్యూబ్ రెండూ ఆఫ్ చేశా, కరెంటు ఎక్కువ తాగేది అవే. తర్వాత ఏసీ ప్లగ్ పీకేసి, ఆ మెషిన్ మోడల్‌కే ఇచ్చే డీసీ కేబుల్ కొని పవర్ స్టేషన్‌కి ఉన్న కారు సాకెట్ లాంటి గుండ్రటి పోర్టులో పెట్టి ఏసీ బటన్ ఆపేశా, బ్యాటరీ కరెంటుని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా ఛార్జ్ తినేస్తుంది కదా. ఇంట్లో ఒక రాత్రి చూసుకున్నాకే మళ్ళీ వెళ్ళాం. పొద్దున ఆరింటికి స్క్రీన్ మీద ఇంకా 41 శాతం ఉంది!

ప్రెషర్ ఎక్కువ పెట్టుకునేవాళ్ళకి ఇంత మిగలకపోవచ్చు. గొంతు ఎండిపోయేవాళ్ళు మాత్రం హ్యుమిడిఫైయర్ ఆపేముందు డాక్టర్‌ని అడగండి.