చిన్న ట్యూనర్లలో శ్రుతి నిలవకపోతే ఎక్కడ వెతకాలి

గిటార్ తల తీసేసి, తీగ బిగించే ఏర్పాటును, అంటే ట్యూనర్‌ను, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే దిమ్మ) వెనక్కి తెచ్చే డిజైన్ 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ బేస్ గిటార్లతో పేరు తెచ్చుకుంది. చెన్నైలో సొంతంగా గిటారో, ఎలక్ట్రిక్ మాండలినో, ప్రయాణానికి వీలైన చిన్న వీణో కట్టుకోవాలనుకునే మన వాళ్లు కూడా ఇప్పుడు ఇదే దారి పడుతున్నారు. పారిస్ కార్నర్‌లో బోల్టులు, బేరింగులు కొని, అంబత్తూరులో లేత్ పని చేయించుకుంటే ట్యూనర్ చేతికి వచ్చేస్తుంది. శ్రుతి మాత్రం నిలవదు. అప్పుడు అందరూ ముందుగా అడిగేది "రేషియో పెంచమంటారా?" అనే. తీగ చుట్టుకునే పోస్టు ఒక చుట్టు తిరగడానికి నాబ్ ఎన్ని చుట్లు తిప్పాలో అదే రేషియో. నేను చూసినంతలో తప్పు రేషియోలో ఉండటం చాలా అరుదు. తీగ ఎక్కడ రాసుకుంటోంది, దాన్ని ఏది పట్టుకుంటోంది, ఎన్ని మిల్లీమీటర్లు కదలాలి అన్నవి చూస్తే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

లెక్కల కోసం ఒక తీగ తీసుకుందాం. 648 మి.మీ. స్కేల్ (తీగలో మోగే భాగం పొడవు) ఉన్న గిటార్ మీద 0.010 అంగుళాల సన్న ఇ తీగ. 329.6 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే దాని టెన్షన్ సుమారు 73 న్యూటన్లు, అంటే ఏడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. ఆ టెన్షన్‌కు వాయించే భాగం 4.6 మి.మీ. దాకా సాగుతుంది. శ్రుతికి వచ్చాక ఇంకో మిల్లీమీటరు లాగితే స్వరం దాదాపు 185 సెంట్లు పెరుగుతుంది. అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు కాబట్టి, ఒక సెంటు మారడానికి తీగ కదలాల్సింది 0.005 మి.మీ. మాత్రమే. లావు ఇ తీగలో బరువు మోసేది లోపలి సన్న కోరు ఒక్కటే. అది సాగేది 2 మి.మీ. చుట్టుపక్కలే, కాబట్టి అక్కడ మిల్లీమీటరుకు 400 సెంట్లు దాటిపోతుంది. ఈ అంకెలు దగ్గర పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి సమస్యా అర్థమవుతుంది.

సమస్య: గమకం వేశాక శ్రుతి తిరిగి రావడం లేదు

మన సంగీతం వాయించేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, అందుకే ముందు పెడుతున్నాను. తీగను పక్కకు లాగి మూడు అర స్వరాలు పెంచితే దాని టెన్షన్ 41 శాతం పెరుగుతుంది. 73 న్యూటన్లు 103 అవుతాయి. బయట దొరికే ట్యూనర్ పెట్టె మీద రేషియో రాసి ఉంటుంది కానీ, ఇలా నిమిషానికి ఎన్నోసార్లు లాగి వదిలితే ఏమవుతుందో ఉండదు. లాగినప్పుడు నట్ (మెడ చివర తీగ ఆనే గాడి పట్టీ) వెనక నుంచి, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక నుంచి కాస్త తీగ ముందుకు జారుతుంది. వదిలినప్పుడు రాపిడి వల్ల అంతా వెనక్కి పోదు. శ్రుతి కిందికి దిగిపోతుంది.

ఎక్కడ చిక్కుకుందో తెలుసుకోవడం తేలికే. గట్టిగా గమకం వేసి వదలండి, క్లిప్ ట్యూనర్‌లో (స్వరం కొలిచే చిన్న మీటరు) స్వరం తగ్గిందని చూడండి. ఇప్పుడు నట్ వెనక ఉన్న తీగను వేలితో ఒకసారి నొక్కి వదలండి. స్వరం మళ్లీ పైకి వచ్చి నిలబడితే చిక్కు నట్ దగ్గరే. రాకపోతే శాడిల్ వెనక అదే చేయండి. రెండు చోట్లా నొక్కినా పైకి రాలేదంటే తీగ పట్టులోంచే జారుతోంది. ఆ సంగతి కింద చూద్దాం.

శాడిల్ దగ్గర చిక్కు వచ్చేది ఎక్కువగా వంపు కోణం వల్ల. తక్కువ చోటులో ఇరికించాలన్న తొందరలో తీగను శాడిల్ దాటగానే నిలువుగా కిందికి దించేస్తారు. ఇత్తడి మీద స్టీల్ రాపిడి గుణకం 0.2 అనుకుందాం. 30 డిగ్రీల వంపులో శాడిల్‌కు అటూ ఇటూ టెన్షన్ 10 శాతం తేడాగా ఉన్నా తీగ కదలకుండా ఉండిపోగలదు. సెంట్లలో చూస్తే గరిష్ఠంగా 90. వంపును 10 డిగ్రీలకు తగ్గిస్తే ఆ 90 కాస్తా 30కి దిగుతుంది. కాబట్టి ముందు కోణం తగ్గించండి. తీగ ఆనే చోట పదునైన అంచు లేకుండా గుండ్రంగా చేసి, సన్న ఎమెరీ కాగితంతో నునుపు చేసి, పెన్సిల్ ముక్కును అరగదీసిన గ్రాఫైట్ పొడి పెట్టండి. మరీ 5 డిగ్రీలకు దించితే తీగ శాడిల్ మీద గట్టిగా ఆనదు, జరజరమని మోగుతుంది. అక్కడా చాలకపోతే చిన్న రోలర్ శాడిల్ వేయాలి.

నట్ దగ్గర ఇంకా సులువు. తీగను బిగించే క్లాంపును నట్‌కు ఆనించి పెట్టండి. వెనక జారడానికి తీగే లేకపోతే చిక్కే ఉండదు. తల లేని డిజైన్ వల్ల వచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇదే, బరువు తగ్గడం తర్వాతి మాట.

యు. శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను 5 ఒంటి తీగలకు మార్చుకుని ఈ ఊళ్లో కచేరీలు చేశారు. జంట తీగలను ఒకే వేలితో లాగినప్పుడు రెండూ ఒకే రాపిడితో తిరిగి రావాలి, రాకపోతే రెంటి మధ్య బీట్ (స్వరం అలలా ఊగడం) వినిపిస్తుంది. గమకాల కోసం మాండలిన్ కడుతున్నవాళ్లకు నా సలహా: ఒంటి తీగలే పెట్టుకోండి.

సమస్య: నాబ్ తిప్పితే ముందు ఏమీ జరగదు, ఆ తర్వాత స్వరం ఒక్కసారిగా ఎగురుతుంది

చాలామంది దీన్ని మరలో ఆట (వదులు) అనుకుంటారు. బ్రిడ్జ్ వెనక స్క్రూతో లాగే ఏర్పాటులో తీగ ఎప్పుడూ మరను ఒకే వైపుకు లాగి పట్టుకుంటుంది, కాబట్టి మర వదులుగా ఉన్నా శ్రుతికి నష్టం లేదు. అంబత్తూరులో నా పని చేసే లేత్ ఆయనది నెల్లూరు. ముక్క చేతికి ఇచ్చే ముందు ప్రతిసారీ అడుగుతాడు, "మర ఫ్రీగా ఉండాలా సార్, కొంచెం టైట్‌గా ఉండాలా?" అని. "ఫ్రీగానే ఉంచన్నా, బిగువు తీగ ఇస్తుంది" అంటాను.

అసలు కారణం స్లైడరు, అంటే స్క్రూ తిప్పితే గాడిలో జరుగుతూ తీగను లాగే ముక్క, వాలిపోవడం. తీగ లాగే గీత పైన, స్క్రూ గీత కింద ఉంటాయి. ఆ రెంటి మధ్య దూరం వల్ల స్లైడరు మెలిపడి, గాడిలో ముందు అంచు ఒక వైపు, వెనక అంచు ఇంకో వైపు ఒరుసుకుంటాయి. దూరం 6 మి.మీ., గాడిలో స్లైడరు పొడవు 8 మి.మీ. అనుకోండి. అదే 0.2 గుణకంతో గాడిలో రాపిడి తీగ టెన్షన్‌లో 30 శాతం అవుతుంది. స్క్రూను పైకి జరిపి దూరాన్ని 2 మి.మీ. చేస్తే 10 శాతానికి పడిపోతుంది. స్లైడరు పొడవు పెంచినా ఫలితం ఉంటుంది కానీ చిన్న ట్యూనర్‌లో ఆ చోటు ఎక్కడిది? కాగితం మీద గీసేటప్పుడే తీగ, స్క్రూ వీలైనంత ఒకే గీతలో ఉండేలా చూసుకోండి. స్లైడరు ఇత్తడి అయితే గాడి స్టీల్‌లో పెట్టండి. అల్యూమినియం మీద అల్యూమినియం జరిగితే ఒకదాన్నొకటి గీరుకుని పట్టేస్తాయి.

గేర్ ఉన్న మామూలు ట్యూనర్లలో మాత్రం ఆట నిజంగానే ఉంటుంది. అక్కడ స్వరం కిందికి దించి, పైకి లాగుతూ శ్రుతికి ఆపడమే మందు. కొత్తగా డిజైన్ చేస్తుంటే తీగ లాగుడు గేర్ చక్రాన్ని వర్మ్ (నాబ్‌తో తిరిగే మర గేరు) వైపుకు నొక్కేలా అమర్చండి, దూరం జరిపేలా పెట్టకండి.

సమస్య: నాబ్ తిప్పడానికి వేళ్లు నొప్పి పెడుతున్నాయి

ఎం4 స్క్రూ మీద 73 న్యూటన్లు లాగాలంటే, గ్రీజు లేకుండా, దాదాపు 58 న్యూటన్-మిల్లీమీటర్ల టార్క్ కావాలి. 10 మి.మీ. నాబ్ అంచున అది 12 న్యూటన్లు. ఫర్వాలేదనిపిస్తుంది, కానీ బేస్ గిటార్ తీగల్లో టెన్షన్ దీనికి రెండున్నర రెట్లు దాకా పోతుంది. నాబ్ పెద్దది చేద్దామంటే గిటార్ బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య ఎడం 10.5 మి.మీ. మాత్రమే, పక్క నాబ్‌ను తగులుతుంది.

ఈ టార్క్‌లో దాదాపు సగం నాబ్ కాలర్ బాడీకి ఆని రాసుకునే చోటే పోతుంది. ఆ చోట 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న చిన్న థ్రస్ట్ బేరింగ్ పెట్టండి, తేడా వెంటనే తెలుస్తుంది. అంత చోటు లేకపోతే టెఫ్లాన్ వాషర్ వేసి మరకు గ్రీజు రాయండి. నాబ్ చివర అలెన్ కీ పట్టే రంధ్రం కూడా పెడితే తీగ మార్చేటప్పుడు ప్రాణం సుఖంగా ఉంటుంది.

సన్న పిచ్ మర ఎంచుకున్నా శ్రమ పెద్దగా తగ్గదు, ఎందుకంటే శక్తిలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది. సున్నితం మాత్రం పెరుగుతుంది. ఎం4 మర పిచ్ 0.7 మి.మీ., అంటే ఒక చుట్టుకు మన సన్న ఇ తీగ 130 సెంట్లు మారుతుంది. 6 మి.మీ. పోస్టు, 14:1 గేర్ ఉన్న మామూలు ట్యూనర్‌లో ఒక చుట్టుకు దాదాపు 250 సెంట్లు. అంటే మామూలు ఎం4 బోల్టే ఆ గేరు కంటే సన్నగా శ్రుతి చేస్తుంది.

సమస్య: స్లైడరు చివరికి వచ్చేసింది, స్వరం ఇంకా అందలేదు

వాయించే భాగం సాగడానికే 4.6 మి.మీ. కావాలి. శాడిల్ వెనక ముక్క, క్లాంపు దగ్గర తీగ సర్దుకోవడం, బిగించేటప్పుడు మిగిలిన వదులు కలిపితే 8 మి.మీ. ప్రయాణం చాలదు. 12 పెట్టుకోండి. చోటు లేదంటే, క్లాంపు బిగించే ముందు తీగను ప్లయర్స్‌తో గట్టిగా లాగి పట్టుకోవాలి.

సమస్య: రోజురోజుకీ శ్రుతి కొంచెం కొంచెం దిగుతోంది

క్లాంపులోంచి బయటికి వచ్చే చోట తీగ మీద మార్కర్ పెన్నుతో చుక్క పెట్టండి. మర్నాడు చుక్క జరిగి ఉంటే పట్టు జారుతోందన్నమాట. గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) మొన నేరుగా సన్న తీగ మీద ఆనితే రెండే జరుగుతాయి: జారుతుంది, లేదా అక్కడే తెగుతుంది. స్క్రూకూ తీగకూ మధ్య గట్టిపరచిన చిన్న స్టీల్ బిళ్ల పెట్టండి, బిళ్ల కింది ముఖం చదునుగా ఉండాలి. క్లాంపు దాటాక తీగను ఒక మలుపు తిప్పితే పట్టు ఇంకా గట్టిపడుతుంది. చుక్క కదలకుండా స్వరం దిగుతుంటే అది కొత్త తీగ సర్దుకోవడమే, రెండు రోజులు ఆగండి.

సమస్య: వీణ, వయొలిన్ బిరడలు వానల్లో పట్టేస్తున్నాయి, ఏసీ హాల్లో జారిపోతున్నాయి

కర్ర తేమకు నిలువునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, బిరడ రెండు చోట్లే ఆనుతుంది. సముద్రపు తేమలోంచి డిసెంబర్ సీజన్‌లో సభ ఏసీలోకి వెళితే ఈ తేడా అరగంటలో బయటపడుతుంది. సుద్ద, సబ్బు కలిపి రాయడం పాత చిట్కా, ఆ పూటకు పనిచేస్తుంది.

శాశ్వతంగా కావాలంటే లోపల ప్లానెటరీ గేర్ ఉన్న బిరడలు. వయొలిన్‌కు 4:1, 8.5:1 రెండు రకాలూ ఉన్నాయి, చూడ్డానికి మామూలు బిరడల్లాగే ఉంటాయి. వయొలిన్ బిరడ వాలు 1:30, రంధ్రాన్ని అదే వాలున్న రీమర్‌తోనే (రంధ్రం అరగదీసే పనిముట్టు) సరిచేయాలి. వీణ బిరడ అంతకంటే లావు కాబట్టి కర్ర బుష్ వేసి, అందులో గేర్ బిరడ కూర్చోబెట్టాలి. బుష్ వేసేది వీణ తెలిసిన పనివాడై ఉండాలి. పాత ఏకాండి (ఒకే దుంగలోంచి చెక్కిన) వీణ అయితే దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. రంధ్రం ఒకసారి పెద్దదయితే తిరిగి చిన్నది కాదు. అలాంటి వీణకు నాగపాశం (తీగల కింది చివర్లు కట్టే చోటు) దగ్గరి లంగర్లను, అంటే సన్న శ్రుతికి వాడే రింగుల అమరికను, శుభ్రం చేసి, వాటి రింగులు సాఫీగా జరిగేలా చూసుకుంటే సన్నటి శ్రుతి అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఇంట్లో సరిగా ఉంది, వేదిక ఎక్కగానే మారిపోయింది

ట్యూనర్‌ను విప్పకండి. గాలి 10 డిగ్రీలు చల్లబడితే స్టీల్ తీగ కుంచించుకుని, మెడ కదలలేదనుకుంటే, సన్న ఇ తీగ 14 సెంట్లు పైకి పోతుంది, లావు ఇ తీగ 35 దాకా. వేదిక మీద స్వరం పెరిగిందంటే అది చలి పని. ట్యూనర్ జారితే స్వరం దిగుతుంది, పెరగదు. వాద్యాన్ని అరగంట ముందే హాల్లో తెరిచి పెట్టి, అప్పుడు శ్రుతి చేసుకోండి.

సమస్య: ఒక్క స్వరం దగ్గరే జివ్వుమని మోత

తీగ లేని నాబో, వదులైన గ్రబ్ స్క్రూనో ఆ స్వరానికి వణుకుతోంది. ఒక్కొక్క నాబ్‌నూ వేలితో పట్టుకుని అదే స్వరం మీటండి, మోత ఆగిన చోట నాబ్ కింద రబ్బరు ఓ-రింగ్ వేయండి.