చెట్టుకు మొక్కే గ్రహాంతరవాసులను గీయాలంటే

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతాను. క్లాసులయ్యాక బొమ్మలు గీసే పిల్లలు కొందరు నా దగ్గరే కూర్చుంటారు. అందరం కలిసి ఒక గ్రహాంతర జాతిని అల్లుకున్నాం, పేరు ఈనెవాళ్లు. చెట్టే వాళ్ల దేవుడు. వీళ్ల మీద ఫ్యాన్ ఆర్ట్ గీస్తాం, కథలు రాస్తాం అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మా పద్ధతి రాసి పెడుతున్నాను. చెట్లను కొలిచే జాతి ఏదైనా సరే, మీ సొంతదైనా సరే, ఇదే దారిలో వెళ్లొచ్చు.

పెన్సిల్ పట్టేముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి: వీళ్లు ఏం తింటారు? పచ్చటి ఒళ్లు, జుట్టుకు బదులు ఆకులు, చేతిలో మెరిసే మొక్క గీసేసి భక్తి వచ్చేసిందనుకుంటారు చాలామంది. అది వేషం మాత్రమే. ఒక జాతి భక్తి తెలిసేది అది చేయకూడదనుకున్న పనుల్లో. చెట్టు దేవుడైతే ఆకు ఎలా తెంపాలి? కట్టె కొట్టకుండా పొయ్యి ఎలా వెలిగించాలి? లోర్, అంటే ఆ జాతి కథలూ కట్టుబాట్లూ అంతా ఆ ఇబ్బందిలోంచే పుడుతుంది.

మా ఈనెవాళ్లు రాలినదే తింటారు. ఈ ఆలోచన నాకు ఏటూరునాగారం అడవిలో వచ్చింది. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు తెల్లవారుజామున వాటంతట అవే రాలుతాయి. గంపలు పట్టుకొచ్చి ఏరుకోవడమే, కొమ్మను ముట్టే పని లేదు. ఆ ఒక్క నియమం పెట్టగానే కథలు వరస కట్టాయి. రాలకముందే కోసినవాడికి ఏం శిక్ష? గాలి వీయని ఏడాది ఊరు ఎట్లా బతుకుతుంది? ఆకలికి ఏడ్చే బిడ్డ కోసం తల్లి కొమ్మ ఊపితే అది పాపమా? ఈ చివరి ప్రశ్న మీద మా దగ్గరి అమ్మాయి రాసిన కథ చదివి నాకు కళ్లు చెమర్చాయి. మీ జాతికి కూడా ఇలాంటి ఒక్క కఠినమైన నియమం చాలు. పది పెడితే ఒక్కటీ గుర్తుండదు.

తర్వాత వాళ్ల సూర్యుడు. మేం చిన్న ఎర్ర నక్షత్రాన్ని ఎంచుకున్నాం. మనకు 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ అలాంటిదే, దాని చుట్టూ తిరిగే గ్రహాన్ని 2016లో ప్రకటించారు. ఇలాంటి నక్షత్రానికి దగ్గరగా తిరిగే గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం అటు తిప్పి ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ మొక్కలుంటే, దొరికిన వెలుగునంతా పీల్చుకోవడానికి ఆకులు నల్లగా ఉండొచ్చని శాస్త్రవేత్తల ఊహ. కాబట్టి ఆకుపచ్చ ట్యూబ్ పక్కన పెట్టండి. అలాగని నల్ల రంగు నేరుగా పూయొద్దు, ఆకు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మెరూన్‌లో ముదురు నీలం కలిపి రెండు పూతలు వేసి, నక్షత్రం వైపు అంచున మాత్రం పలుచగా నారింజ గీత లాగండి.

గ్రహం ఒకే ముఖం తిప్పి ఉంటే ఆకాశంలో సూర్యుడు కదలడు, నీడ కూడా కదలదు. ఒక మహావృక్షం నీడ వెయ్యేళ్లుగా అదే నేల మీద పడుతోందంటే, ఆ నేలే గుడి. మా ఈనెవాళ్లు ఆ నీడలో అడుగుపెట్టరు. అందుకే బొమ్మ గీసేటప్పుడు అన్ని నీడలూ ఒకే వైపు పడాలి, ఈనెవాళ్లు ఆ గుడి నీడ అంచున ఆగాలి. ఈ ఒక్కటి తప్పిందంటే బొమ్మలో ప్రాణం పోతుంది.

ఒంటి మీద గీతలకు ఇంటర్నెట్‌లో వెతకొద్దు. రావిచెట్టు కింద రాలిన ఆకు తెచ్చి పాత డబ్బాలో నీళ్లు పోసి నానబెట్టండి. నీళ్లు మారుస్తూ ఉంటే కొన్ని వారాలకు కండ మెత్తబడుతుంది. అప్పుడు మెత్తటి బ్రష్‌తో మెల్లగా తుడిస్తే కండ ఊడిపోయి సన్నటి వల మిగులుతుంది. దాన్ని కిటికీకి పట్టి చూడండి: మధ్య ఈనె లావుగా మొదలై తోకలో వెంట్రుకంత అవుతుంది, పక్క ఈనెలు అంచు దాకా వెళ్లకుండా వంగి ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. ఈనెవాళ్ల మెడ మీద, మోచేతుల మీద ఈ వలనే గీయాలి. గీత ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అన్నది ఆకును చూసే నిర్ణయించండి.

భక్తి చూపే భంగిమ అంటే మోకాళ్ల మీద కూర్చున్న బొమ్మలు ఇప్పటికే చాలా ఉన్నాయి, వేరేది వెతకండి. దసరా నాడు జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం కదా, ఆ చేతులను గమనించండి. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి దోసిలిగా కింద. మా బొమ్మల్లో పలకరింపు అదే, రాలిన ఆకుతో.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. మేడారంలో విగ్రహం ఉండదు. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దెకు తెస్తారు, అక్కడ వెదురుకు కూడా మొక్కుతారు. విగ్రహం లేకుండా అంత భక్తి ఎలా నిలుస్తుందో అక్కడ నేర్చుకోవచ్చు. కానీ కోయవాళ్ల కట్టూబొట్టూ, గద్దెలూ, అమ్మవార్ల పేర్లూ తీసి గ్రహాంతరవాసులకు తగిలించకండి. వాళ్లు మన పక్కన బతుకుతున్న మనుషులు, అది వాళ్ల దేవత. అలాంటి బొమ్మ ఎంత బాగున్నా మా ఆల్బంలో పెట్టను.

కథ చెప్పడానికి చేర్యాల పటం పద్ధతి బాగా కుదురుతుంది. పొడవాటి బట్ట, ఎర్రటి నేపథ్యం, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. అసలు పటానికి ఖద్దరు మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తారు. మీకు చార్ట్ పేపరు అంటించుకుంటూ పోయినా చాలు, ఫోన్‌లో గీసినా ఫరవాలేదు. ఎర్ర సూర్యుడి లోకానికి ఎర్ర నేపథ్యం ఎలాగూ నప్పుతుంది.

బొమ్మ పంపేటప్పుడు కింద జాతి ఎవరిదో, మీరు కొత్తగా కలిపినదేమిటో రెండు ముక్కలు రాయండి. మీ కొత్త సంగతి పాత నియమానికి అడ్డొస్తుందేమో ముందే చూసుకోండి. రాలినదే తినాలన్న కట్టుబాటును మీ పాత్ర దాటొచ్చు, అభ్యంతరం లేదు. దాటినవాళ్లను ఊరు ఏం చేసిందో కూడా అదే కథలో రాయాలి.