బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నారా? మొదటి సెమిస్టర్‌లోనే ఒక చిన్న వ్యాపారం పట్టుకోండి

బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, ఎంట్రప్రెన్యూర్‌షిప్ కలిపి చదివే కోర్సులో చేరినవాళ్లకి మొదటి ఏడాదిలో ఒక చిక్కు ఎదురవుతుంది. పొద్దున అకౌంట్స్, మధ్యాహ్నం మార్కెటింగ్, మర్నాడు స్టాటిస్టిక్స్, దేనికదే విడిగా ఉంటుంది, ఇవన్నీ ఎక్కడ కలుస్తాయో అర్థం కాదు. నేనూ రెండు సెమిస్టర్లు పరీక్ష కోసమే చదివి, పరీక్షలయిన వారానికి అంతా మర్చిపోయాను. తర్వాత నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే: ఒక చిన్న వ్యాపార ఆలోచన పట్టుకుని, కోర్సు పూర్తయ్యేదాకా వదలకుండా, ప్రతి సబ్జెక్టులో నేర్చుకున్నదీ దాని మీదే వేసి చూడటం.

గొప్ప ఆలోచన అక్కర్లేదు. పాత పుస్తకాలు కొని అమ్మడం, సైకిళ్లు రిపేరు చేయడం, గుడ్డ సంచులు కుట్టడం, ఏదైనా సరే. కానీ లెక్క వేయడానికి వీలుండాలి, కొనేవాళ్లు మీరు నేరుగా వెళ్లి మాట్లాడగలిగే మనుషులై ఉండాలి.

అన్నిటికన్నా ముందు అకౌంట్స్ గట్టిగా నేర్చుకోండి. చాలామంది దీన్ని గుమాస్తా పని అనుకుని తేలిగ్గా తీసుకుంటారు, అదే పెద్ద తప్పు. ప్రతి లావాదేవీనీ డెబిట్‌గా ఒకచోట, క్రెడిట్‌గా ఇంకోచోట రాసే జంట పద్దు విధానాన్ని ఇటలీ గణిత పండితుడు లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించాడు, అక్కడి వర్తకులు అంతకుముందు నుంచే వాడుతున్నారు, ఇప్పటి కంపెనీల లెక్కలూ దాని మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్లు మారతాయి గానీ ఇది మారదు, కాబట్టి దీని మీద పెట్టిన టైమ్ వృథా పోదు.

మీ సంచుల వ్యాపారాన్నే తీసుకుందాం. ఒక్కో సంచి 100కి అమ్ముతున్నారు, గుడ్డకీ కుట్టుకూలికీ కలిపి 60 అవుతోంది. అంటే సంచికి 40 మిగులుతుంది. నెలకి అద్దె, జీతం కలిపి కదలని ఖర్చు 20,000 ఉంటే, నష్టం లేకుండా బయటపడటానికి 500 సంచులు అమ్మాలి. ఇప్పుడు గిరాకీ పెంచుదామని పది శాతం తగ్గించి 90కి ఇచ్చారనుకోండి. మిగిలేది 40 నుంచి 30కి పడిపోతుంది, అదే 20,000 రావాలంటే 667 సంచులు అమ్మాలి. ధర తగ్గింది పది శాతమే, కానీ అమ్మాల్సింది మూడో వంతు పెరిగింది! ఈ లెక్క సొంత చేత్తో వేశాక డిస్కౌంట్ అనే మాటని మీరు మళ్లీ మామూలుగా వినలేరు.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది, లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. 100 ధరకే నెలలో 600 సంచులు అమ్మితే కాగితం మీద 4,000 లాభం. కానీ కొన్న షాపువాళ్లు రెండు నెలల తర్వాత ఇస్తామంటే, ఈ నెల గుడ్డకీ కూలికీ 36,000, కదలని ఖర్చు 20,000, మొత్తం 56,000 మీ చేతిలోంచే పోవాలి, వచ్చేది మాత్రం సున్నా. అమ్మకాలు పెరిగేకొద్దీ ఈ గొయ్యి ఇంకా లోతవుతుంది. లాభంలో ఉన్న వ్యాపారాలు కూడా మూతపడేది ఇక్కడే. నా మొదటి క్లాస్ ప్రాజెక్ట్ ప్లాన్‌లో అరువు సంగతే రాయలేదు, "మూడో నెలలో జీతాలు ఎక్కడి నుంచి ఇస్తావు?" అని మేడమ్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే నెలవారీగా వచ్చేదీ పోయేదీ రాసే ఒక షీట్ మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

క్లాసులో పట్టుకున్న ఆలోచనే నిజం వ్యాపారం అవుతుందనడానికి, బూట్ల కంపెనీ నైకీని మొదలుపెట్టిన ఫిల్ నైట్ మంచి ఉదాహరణ. స్టాన్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు జపాన్ బూట్లు తెచ్చి అమ్మడం మీద క్లాసు కోసం ఒక పేపర్ రాశాడు. 1964లో తన కోచ్ బిల్ బవర్‌మన్‌తో కలిసి ఆ వ్యాపారమే మొదలుపెట్టాడు, కానీ చాలా ఏళ్లు అకౌంటెంట్‌గా ఉద్యోగం చేస్తూ, అకౌంట్స్ పాఠాలు చెబుతూనే దాన్ని నడిపాడు. క్లాసులో రాసే పేపర్‌ని మార్కుల కోసం మాత్రమే రాయకండి.

కేస్ స్టడీలు, అంటే ఏదో ఒక కంపెనీకి ఎదురైన సమస్యని వివరించి క్లాసులో చర్చకి పెట్టే పాఠాలు, చదవడానికి ఒక చిట్కా. కథలా మొదటి నుంచి చివరిదాకా చదివి ఊరుకోవద్దు. నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు, ఎప్పటిలోగా, చేతిలో ఉన్న అంకెలు ఏమిటి, ఈ మూడూ ముందు వెతకండి. తర్వాత క్లాసుకి వెళ్లకముందే మీరైతే ఏం చేస్తారో నాలుగు లైన్లు రాసుకోండి. చర్చయ్యాక మనసు మారితే ఏ మాటకి మారిందో కింద రాయండి, నేర్చుకునేది ఆ మార్పులోనే ఉంటుంది.

ఎంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసులకొస్తే, అక్కడ అందరూ స్లైడ్ల మీద పడతారు. మీరు మాత్రం ముందు కొనేవాళ్ల దగ్గరికి వెళ్లండి. "ఇలాంటి సంచి ఉంటే కొంటారా?" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. "పోయినసారి సంచి ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు, దానితో ఏం ఇబ్బంది వచ్చింది?" అని జరిగిపోయినదాని గురించి అడగండి. ఒక పదిహేను మందితో మాట్లాడితే చెప్పిందే మళ్లీ వినిపించడం మొదలవుతుంది, అప్పుడు ప్లాన్ రాయడానికి కూర్చోండి. ముందుగానే డబ్బు కట్టి ఆర్డర్ ఇచ్చిన ఒక్కరు, బాగుందని మెచ్చుకున్న ఇరవై మంది కన్నా ఎక్కువ.

మార్కెటింగ్, హెచ్‌ఆర్ సబ్జెక్టులు పాఠాలు వింటూ నెట్టుకురావచ్చు, కానీ స్టాటిస్టిక్స్ అలా రాదు, లెక్కలు చేస్తేనే వస్తుంది.

గ్రూప్ ప్రాజెక్ట్ నిజంగానే వ్యాపారంగా మారేలా కనిపిస్తే, స్నేహం బాగున్నప్పుడే వాటాలు కాగితం మీద పెట్టుకోండి. స్టార్టప్‌లలో మామూలుగా నాలుగేళ్ల మీద కొంచెం కొంచెంగా వాటా దక్కేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకుంటారు. ఫైనల్ ఇయర్‌లో ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోవడం చాలా మామూలు విషయం కాబట్టి ఇది తప్పనిసరి. అలాగే యూనివర్సిటీ ల్యాబ్ గానీ నిధులు గానీ వాడి ఏదైనా తయారుచేసి ఉంటే, దాని హక్కులు ఎవరివో అక్కడి నిబంధనల్లో రాసి ఉంటుంది. పెట్టుబడి పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకముందే అది తెప్పించుకుని చదివి, అర్థం కాని చోట సంబంధిత ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.