శనివారం మూడు లైన్లు

రెజ్యూమే రాయడానికి కూర్చుంటే "ఆఫీసు పనులన్నీ చూశాను" తప్ప ఇంకేం గుర్తురాదు. మా భీమవరం, తణుకు వైపు రైస్ మిల్లులు, రొయ్యల ఆఫీసుల్లో చేసే చాలామందికి ఇదే ఇబ్బంది.

నేనిప్పుడు వంద పేజీల నోట్‌బుక్ ఒకటి డ్రాయర్లో ఉంచుకుంటున్నాను. శనివారం ఇంటికి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు కూర్చుని మూడు లైన్లు రాస్తాను: ఏం చేశాను, ఎన్ని చేశాను, దేంట్లో చేశాను. పోయిన దాళ్వాలో (రబీ వరి సీజన్లో) ఒక పేజీ ఇలా ఉంది: "బియ్యం లోడ్లకు 42 ఈ-వే బిల్లులు. జీఎస్టీఆర్-1 గడువు 11, వివరాలు 8నే ఆడిటర్‌కి పంపాను. పాత బాకీల లిస్టు ఎక్సెల్‌లోకి ఎక్కించాను." (ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం, జీఎస్టీఆర్-1 అంటే అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్న్.) పార్టీల పేర్లు, రేట్లు మాత్రం రాయను, అవి ఆఫీసువి.

మూడు నెలలకోసారి వీటిలో మంచివి ఐదు ఏరి రెజ్యూమేలో చేర్చండి. ఇంటర్వ్యూకి కాకినాడ వెళ్లేటప్పుడు బస్సులో ఆ పేజీలు ఒకసారి తిరగేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఒక్క జాగ్రత్త. రెండు మూడు వారాలు వదిలేసి తర్వాత గుర్తుచేసుకుని అంకెలు వేయకండి. "ఆ 42 ఎన్ని రోజుల్లో?" అని ఎదురు ప్రశ్న వస్తే అక్కడే తడబడతాం.