పోర్చుగల్ కొండపల్లెల్లో నడవాలంటే: బెజవాడ, గుంటూరు వాళ్ళకి

పోర్చుగల్ వెళ్ళి అక్కడి చారిత్రక గ్రామాలు పన్నెండూ చూసేద్దామని మాత్రం ప్లాన్ వేసుకోకండి. అన్నిటికంటే ముందు ఈ మాట ఎందుకంటే, నేనూ మా బావా చేసిన మొదటి తప్పు అదే.

పోర్చుగల్ మధ్యభాగంలో, స్పెయిన్ సరిహద్దు వైపు, ప్రభుత్వం 'చారిత్రక గ్రామాలు' అని గుర్తించిన ఊళ్ళు 12 ఉన్నాయి. మొన్సాంతు, సొర్తేల్య, పియోడావ్, బెల్మోంత్, అల్మేయిదా లాంటివి. వీటన్నిటినీ కలుపుతూ జీఆర్ 22 అనే నడకదారి గుండ్రంగా తిరిగి వస్తుంది, మొత్తం సుమారు 600 కిలోమీటర్లు. అంటే బెజవాడ నుంచి హైదరాబాద్‌కి నడిచి వెళ్ళి నడిచి వెనక్కి వచ్చినా ఇంకా కొంత మిగులుతుంది, అదీ కొండల మీద. తొమ్మిది రోజుల సెలవు పెట్టుకుని దాని మీద పడితే బస్సులు ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది. మేము రెండో రోజు రాత్రి లాడ్జిలో కూర్చుని కాగితం చింపేసి మళ్ళీ రాసుకున్నాం. రెండు మకాములు పెట్టుకుని, ఒక్కోచోట మూడు నాలుగు రాత్రులుండి, పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి అదే గదికి రావడం, అంతే. పెట్టె గదిలో ఉంటుంది, భుజాన చిన్న సంచి చాలు.

మకాముల్లో ఒకటి లౌసా అనే చిన్న టౌను. దాని పేరు చివర్లో అక్కడివాళ్ళు ముక్కుతో పలుకుతారు, మనకి రాదు, వదిలేయండి. లిస్బన్ నుంచి కోయింబ్రాకి రైలు, అక్కడి నుంచి లౌసాకి బస్సు. ఇక్కడ ఊళ్ళన్నీ పలకలు పలకలుగా విడిపోయే ముదురు రాయితో, షిస్ట్ అంటారు దాన్ని, కట్టినవి. రెండోది కస్తేలు బ్రాంకు వైపు, ఇక్కడ మొన్సాంతు లాంటి ఊళ్ళు గ్రానైట్ రాయివి. లిస్బన్ నుంచి నేరుగా రైలుంది, అబ్రాంత్ దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, చాలాసేపు తేజు నది పక్కనే వస్తుంది. మా బావ ఎడమవైపు కూర్చుని దారంతా కొండ గోడ చూశాడు.

వీసా సంగతి క్లుప్తంగా. కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపడా ఇన్సూరెన్స్ ఉండాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు టెన్షన్, కాబట్టి టికెట్ల కంటే ముందు దాని మీద కూర్చోండి.

ఇక ప్రాక్టీసు. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడిచేవాళ్ళు 'మేం రోజూ ఆరు కిలోమీటర్లు నడుస్తాం, అది చాల్లే' అనుకుంటారు. చదునైన సిమెంటు మీద ఆరు వేరు, రాళ్ళ బాటలో ఆరు వేరు. అక్కడ మనల్ని పడగొట్టేది ఎక్కుడు కాదు, దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, నిలబడతాం, తగ్గుతుంది. దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే ఆ పూట ఇక తగ్గదు. అందుకని బయల్దేరే ముందు రెండు నెలలు ప్రతి ఆదివారం మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగండి, గుంటూరు వైపు వాళ్ళయితే కొండవీడు కోట పాత కాలిబాటలో వెళ్ళండి, కారేసుకుని ఘాట్ రోడ్డు మీద కాదు. ఇబ్రహీంపట్నం అవతల మూలపాడు అడవి బాట కూడా మంచిదే. ఈ నడకలు సంచిలో రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకుని, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే చేయాలి. బీసెంట్ రోడ్డులో బూట్లు కొని, కొత్తవి కదా అని అక్కడికెళ్ళి డబ్బా విప్పితే మొదటి రోజే మడమ మీద బొబ్బ లేస్తుంది. బొటనవేలి ముందు ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండే సైజు తీసుకోండి, దిగేటప్పుడు పాదం ముందుకి జారుతుంది.

దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు చూసి మోసపోకండి. మ్యాప్ బోర్డు మీద మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో కూడా రాసి ఉంటుంది, ముందు అది చూడండి. చదును మీద మామూలుగా గంటకి నాలుగు కిలోమీటర్లు లెక్కేసుకుని, ప్రతి 100 మీటర్ల ఎక్కుడికి పది పదిహేను నిమిషాలు కలపండి, ఫోటోల టైం మీ ఇష్టం.

గుర్తులు చదవడం ఇక్కడే నేర్చుకుని వెళ్ళండి, ఐదు నిమిషాల పని. దూరపు దారులకి, అంటే జీఆర్ వాటికి, తెలుపు ఎరుపు పట్టీలు. చిన్న దారులకి, పీఆర్ అంటారు, పసుపు ఎరుపు పట్టీలు. రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి అడ్డంగా ఉంటే నేరుగా పొమ్మని. పట్టీ వంగి బాణంలా ఉంటే అటు తిరగమని. రెండూ ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి కోసుకుంటే అటు వెళ్ళొద్దని. చెట్టు మొదలు మీద, కరెంటు స్తంభం మీద, రాతి గోడ మీద, ఎక్కడైనా వేస్తారు.

ఈ ఇంటూ గుర్తు దగ్గరే మేము బోర్లా పడ్డాం. లౌసా పైన అడవిలో బాట రెండుగా చీలింది. ఎడమది వెడల్పుగా, చక్కగా ఉంది. 'ఇదే బావా, చూడు ఎంత బాగుందో' అని నేనే తీసుకెళ్ళాను. పావుగంట దిగాక ఒక్క గుర్తు కూడా కనపడలేదు. వెనక్కి ఎక్కి వచ్చి చూస్తే, ఎడమ బాట మొదట్లో ఉన్న చెస్ట్‌నట్ చెట్టు మీద ఇంటూ గుర్తు ఉంది, సగానికి నాచు పట్టి పచ్చగా అయిపోయింది, పసుపు గీత కొన ఒక్కటే, బొటనవేలంత, బయటికి కనపడుతోంది. 'మనింట్లో మంచి దారి ఎప్పుడూ నీదే' అన్నాడు బావ, అంతకంటే తిట్టలేదు. అప్పటి నుంచి మా రూలు ఒక్కటే: చీలిక దగ్గర ఆగాలి, రెండు వైపులా గుర్తు వెతకాలి, పది నిమిషాలు నడిచినా గుర్తు కనపడకపోతే వాదించుకోకుండా చివరి గుర్తు దాకా వెనక్కి రావాలి. ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు.

ఆ లౌసా నడక సంగతే ముందు చెప్తాను, కొత్తవాళ్ళకి నేనైతే అదే ఇస్తాను. ఊరి పైన లోయలో చిన్న కోట ఉంది, దాని ఎదురుగా వాగు అవతల గుట్ట మీద చిన్న చిన్న చర్చిలు. అక్కడి నుంచి బాట అడవిలోకి ఎక్కి తలష్నాల్ అనే ఊరికి చేరుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కజాల్ నోవు మీదుగా దిగొచ్చు. పూట పని, కానీ ఎక్కుడు గట్టిది. ఈ పల్లెల్లో జనం బతుకుతెరువు కోసం వెళ్ళిపోయి ఇళ్ళు పాడుబడ్డాయి, తర్వాత ఒక్కొక్కటే బాగుచేశారు. ఇలాంటి 27 షిస్ట్ రాతి ఊళ్ళని ఒక జట్టుగా కలిపి మళ్ళీ నిలబెట్టారు. ఒక జాగ్రత్త: షిస్ట్ పలక తడిస్తే సబ్బు రాసినట్టే ఉంటుంది, వాన పడితే సందుల్లో గోడ పట్టుకుని దిగండి. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో వెళ్తే సాయంత్రం పూట మగ దుప్పుల అరుపులు వినపడతాయి, అది వాటి జతకట్టే కాలం.

రెండో మకాము వైపున్న మొన్సాంతు వేరే లోకం. ఏనుగులంత బండల మధ్య, బండల కింద ఇళ్ళు కట్టుకున్నారు. ఒక ఇంటికి మూడు గోడలు కట్టి నాలుగో వైపూ పైకప్పూ బండకే వదిలేశారు, తలుపు పక్కనే బండ మీద చేయి పెడితే మధ్యాహ్నం ఎండలో కూడా చల్లగా తగిలింది. కొండవీడు మీద బండలు చూసిన కళ్ళకి రాయి కొత్త కాదు, దాని కింద వంట చేసుకుంటూ ఉండటం కొత్త. 1938లో 'అన్నిటికంటే పోర్చుగీసు ఊరు' అని పోటీ పెడితే ఇదే గెలిచింది, బహుమతిగా ఇచ్చిన వెండి కోడిపుంజు నమూనా ఇప్పటికీ గడియారం బురుజు మీద ఉంది. పైన కోట దాకా ఎక్కండి, కానీ గాలి గట్టిగా ఉంటే గోడ అంచున సెల్ఫీలు వద్దు, కటకటాలు ఉండవు. దగ్గర్లోనే పెన్య గార్సియా, అక్కడ శిలాజాల దారి మూడు కిలోమీటర్లే. సుమారు 48 కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున ట్రైలోబైట్లు అనే, ఎప్పుడో అంతరించిన జీవులు పాకిన జాడలు ఇప్పుడు నిలువుగా లేచిన రాతి గోడల మీద కనపడతాయి. జల్లెడ మీద పిండి గీతల్లా ఉంటాయి, ముందే తెలియకపోతే దాటేస్తారు.

పియోడావ్ ఫోటోల్లో చూసే ఉంటారు, నల్లటి రాతి ఇళ్ళు, నీలం తలుపులు, మధ్యలో తెల్లటి చర్చి. ఊళ్ళోకి టూరిస్టు బస్సులు వస్తాయి, కాబట్టి పొద్దున్నే చూసేసి, కొండ వాలున ఫోజ్ దేగ్వా అనే వాగుల కలయిక దాకా నడవండి, అక్కడికి వచ్చేవాళ్ళు తక్కువ. 2025 ఆగస్టులో ఈ ప్రాంతంలో మొదలైన కార్చిచ్చు రోజుల తరబడి ఆరలేదు, కాబట్టి ఏ బాట తెరిచి ఉందో అక్కడి టూరిస్టు ఆఫీసులో అడిగాకే కదలండి.

కార్చిచ్చు మాట ఎత్తాను కాబట్టి, జూలై ఆగస్టులు వద్దు. 'మాకు రోహిణి కార్తెలే అలవాటు' అనకండి, సమస్య ఎండ కాదు. ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో అడవి బాటలోకి వెళ్ళడమే నిషేధిస్తారు. ఐపీఎంఏ అనే వాళ్ళ వాతావరణ శాఖ రోజూ ఊరి వారీగా మంటల ప్రమాదం మ్యాప్ పెడుతుంది, పొద్దున్నే చూడండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు, ఇవే మంచివి. చలికాలంలో సెర్రా ద ఎస్త్రేలా అనే పర్వతాల పైన, 1993 మీటర్ల తోర్రె శిఖరం దగ్గర, మంచు పడుతుంది, కింద వాన. ఆపదొస్తే ఫోన్ నంబరు 112.

తిండి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లో రానివ్వరు, అందుకని నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. వేరుశనగ చిక్కీలు, పల్లీ కారప్పొడి హాయిగా వస్తాయి. శాకాహారులకి సూప్ దిక్కు, కానీ కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో సాసేజ్ ముక్క వేస్తారు, 'సేం కార్న్' అనండి, మాంసం లేకుండా అని. సెర్రా ద ఎస్త్రేలా గొర్రెపాల చీజ్ మాత్రం నిశ్చింతగా తినొచ్చు, పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే పదార్థం కాకుండా ఒక ఊదారంగు ముళ్ళపువ్వు వాడతారు. మా బావ మిర్చి యార్డులో గుమాస్తా, ప్రతి హోటల్లోనూ కారం అడిగేవాడు, వాళ్ళు పిరిపిరి అనే మిరప నూనె సీసా తెచ్చి పెట్టేవాళ్ళు, ఆయన మొహం చిట్లించేవాడు. 'మనకి మిరపకాయ తెచ్చిచ్చింది వీళ్ళే బావా' అంటే, 'ఇచ్చి మర్చిపోయారు' అన్నాడు. మిరపకాయ ఒక్కటే కాదు, మాటలూ ఇచ్చారు. మన అనాస, తువ్వాలు, బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవే, గదిలో తువ్వాలు లేకపోతే 'తువాల్య' అనండి, తెచ్చిస్తారు.

ఊరి కుళాయిల మీద బోర్డు చదవండి. 'నావ్ పొతావెల్' అంటే తాగొద్దని, 'నావ్ కొంత్రొలాద' అంటే పరీక్ష చేయని నీళ్ళని. గొర్రెల మంద ఎదురైతే మధ్యలోంచి దూరకండి, కావలి కుక్క ఎక్కడో పడుకునే ఉంటుంది, పరిగెత్తకుండా దూరంగా చుట్టి వెళ్ళండి. కంచె గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మూసేయండి.

చివరిగా ఆదివారం. పల్లెలకి బస్సులు రోజుకి ఒకటో రెండో, చాలాచోట్ల ఆదివారం అసలుండవు, దుకాణాలు మూసేస్తారు, సోమవారం చాలా హోటళ్ళకి సెలవు. భోజనం వేళ మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగది కట్టేస్తారు. అందుకని శనివారం సాయంత్రమే రొట్టె, పళ్ళు, నీళ్ళు కొనేయండి. పొద్దున నడక మొదలుపెట్టేచోట కాఫీ తాగి, కౌంటర్ వెనక ఉన్న మనిషిని టాక్సీ నంబరు అడిగి చేతి మీదైనా రాసుకోండి. మేము అడగలేదు, పెన్య గార్సియా బస్ స్టాపులో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు చిక్కీ నములుతూ కూర్చున్నాం.